మూడో కాలమ్ ఖాళీ: మన డిజైన్ గ్రాడ్యుయేట్ల పని చూసేదెవరు?

ఎక్సెల్ షీట్‌లో మూడు కాలమ్‌లు. మొదటిది కంపెనీ పేరు, రెండోది పోర్ట్‌ఫోలియో పంపిన తేదీ, మూడోది వచ్చిన జవాబు. మొదటి రెండూ కింది దాకా నిండి ఉన్నాయి. మూడో దాంట్లో అక్కడక్కడా 'ఆటో రిప్లై' అని రాసి ఉంది, మిగతాదంతా ఖాళీ. నేను బీకామ్ చదివినదాన్ని. ఖాతాలో ఒక వైపు మాత్రమే రాతలుండి రెండో వైపు ఏమీ లేకపోతే ఎక్కడో తేడా ఉందని మాకు మొదటి సంవత్సరంలోనే చెప్పారు.

ఆ షీట్ టోలీచౌకీలో ఉండే ఒక డిజైన్ గ్రాడ్యుయేట్‌ది. వయసు 23. కుటుంబం కరీంనగర్ నుంచి వచ్చింది. అబ్బా గల్ఫ్‌లో ఏసీ మెకానిక్‌గా చేసి తిరిగొచ్చారు, ఇప్పుడు ఇక్కడ అదే పని. ఆమె ఇక్కడే ఒక ప్రైవేటు కాలేజీలో డిజైన్ డిగ్రీ పూర్తి చేసింది. పేరు రాయొద్దంది. "ఇంటర్వ్యూకి పిలిస్తే ముందు గూగుల్ చేస్తారు ఆపా, ఇది కనిపిస్తే బాగోదు" అంది.

టీ తెచ్చిన వాళ్ల అమ్మీ పక్కనే కూర్చుని ఒక మాటన్నారు. "మా అక్క కొడుకు బీటెక్ చేసిండు. వానికీ ఇంకా జాబ్ రాలే. కానీ వాన్ని ఎవ్వరూ అడుగరు. దీన్నే అడుగుతరు, ఏం చదివినవ్, ఎందుకు చదివినవ్ అని."

ఈ ఇబ్బంది ఆ ఒక్క ఇంటిది కాదు. పదేళ్ల కిందటి దాకా మన ఇళ్లలో డిజైన్ చదువు మాట పెద్దగా వినిపించేది కాదు. మాదాపూర్‌లో నిఫ్ట్ 1995 నుంచే ఉన్నా, దాన్ని బట్టల చదువు అనుకునేవాళ్లం. 2015లో ఆంధ్రప్రదేశ్‌కి ఎన్ఐడీ వచ్చింది, ఐఐటీ హైదరాబాద్‌లో డిజైన్ విభాగం ఉంది, మాసబ్‌ట్యాంక్‌లో జేఎన్ఏఎఫ్ఏయూ ఉంది. వీటికి తోడు ప్రైవేటు కాలేజీలు చాలా పుట్టుకొచ్చాయి. డ్రాయింగ్ బాగా వేసే పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, ఇంట్లో వాళ్లని ఒప్పించుకుని అటు వెళ్తున్నారు. ఇల్లు దాటకుండా కూడా చేసుకోగల పని అని కొందరు తల్లిదండ్రులు ఒప్పుకున్నారు కూడా. చేర్పించడం వరకూ బాగానే ఉంది. బయటికొచ్చాక ఏం జరుగుతోందన్నదే నేను చూడాలనుకున్నది.

డిజైనర్ ఉద్యోగంలో మార్కుల మెమో కన్నా ముందు పోర్ట్‌ఫోలియో చూస్తారు. పత్థర్‌గట్టీలో ఒక టైలర్ తన షాపు ముందు షేర్వానీ వేలాడదీస్తాడు కదా, అలాంటిది. కాకపోతే డిజైనర్ కుట్టిన షేర్వానీ ఒక్కటే చూపిస్తే చాలదు. కొలతలు ఎవరి దగ్గర తీసుకుంది, మొదటిసారి ఎక్కడ బిగుతైంది, విప్పి మళ్లీ ఎలా కుట్టింది అన్నదీ చూపించాలి. ఇంటర్నెట్‌లో ఒక లింక్ ఉంటుంది, అందులో మూడో నాలుగో ప్రాజెక్టులు. కంపెనీలో చూసే మనిషికి ఆ రోజు అలాంటి లింకులు బోలెడు వస్తాయి. నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో చెప్పే ఓపిక ఎవరికీ ఉండదు, చెప్పాల్సిన బాధ్యతా లేదు. ఈ అమ్మాయికి తిరస్కారం కన్నా ఎక్కువ బాధ కలిగించింది అదే. తప్పెక్కడో తెలియదు, తెలియకుండానే దాన్నే ఇంకో కంపెనీకి పంపిస్తుంది.

ఆ పోర్ట్‌ఫోలియో నేనూ చూశాను. మొదటి ప్రాజెక్టు బాలి టూర్ ప్లాన్ చేసుకునే యాప్. నీలం సముద్రం, కొబ్బరి చెట్లు, మూలలు గుండ్రంగా తిప్పిన కార్డులు, కింద బుక్ నౌ అనే బటన్. చూడటానికి చాలా బాగుంది. నాకు డిజైన్ తెలియదు కాబట్టి నేను మాషా అల్లాహ్ అనేశాను. ఆమె నవ్వి, "అందరూ అదే అంటారు ఆపా. అదే నా ప్రాబ్లెమ్" అంది.

తప్పేంటో చెప్పిన మొదటి మనిషి బెంగళూరులో పనిచేసే ఒక సీనియర్ డిజైనర్. ఏడీపీలిస్ట్ అనే వేదిక ఒకటుంది, అక్కడ అనుభవం ఉన్న డిజైనర్లు కొత్తవాళ్లకి ఉచితంగా సమయం ఇస్తారు. అలా అరగంట దొరికింది. ఆయన స్క్రీన్ చూసి మూడు ప్రశ్నలు వేశారట. నువ్వు బాలి వెళ్లావా? వెళ్లినవాళ్లని ఎవరినైనా అడిగావా? ఇందులో పెట్టాలనుకుని తీసేసింది ఏంటి? మూడింటికీ ఆమె దగ్గర జవాబు లేదు. బాలి ఫొటోలు నెట్‌లో దొరికాయి, యాప్ ఎలా ఉండాలో వేరే యాప్‌లు చూసి నేర్చుకుంది. తీసేసింది ఏమీ లేదు, దొరికినవన్నీ పెట్టింది.

ఇక్కడ ఈ రంగంలో వచ్చిన మార్పు కొంచెం చెప్పుకోవాలి. చాట్‌జీపీటీ 2022 నవంబర్‌లో వచ్చింది. ఆ తర్వాత ఫిగ్మా లాంటి డిజైన్ సాఫ్ట్‌వేర్‌లలోకి కూడా ఏఐ వచ్చి చేరింది. 'ట్రావెల్ యాప్‌కి హోమ్ స్క్రీన్ కావాలి' అని ఒక వాక్యం రాస్తే నిమిషాల్లో స్క్రీన్ తయారు. సముద్రం, కొబ్బరి చెట్టు, గుండ్రటి మూలలు అన్నీ అందులో ఉంటాయి. కొత్తగా చేరిన జూనియర్ మొదటి ఏడాది చేసే పని ఇదివరకు అదే. ఆ పని మెషిన్ చేస్తున్నప్పుడు జూనియర్‌ని ఎందుకు తీసుకోవాలన్నది కంపెనీ లెక్క. ఆ లెక్క మనకి నచ్చకపోయినా అర్థం చేసుకోవాలి. మనిషి దగ్గర మిగిలింది వెళ్లి చూడటం, అడగటం, ఏది అక్కర్లేదో తేల్చుకోవడం. కాలేజీలో నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్ నేర్పించి, ఇవి నేర్పించకపోతే ఆ ఫీజు దేనికి కట్టినట్టు? ఈ ప్రశ్న తల్లిదండ్రులు అడ్మిషన్ రోజే అడగాలి. మీ దగ్గర చదివిన పిల్లల పోర్ట్‌ఫోలియోలు చూపించండి అని అడిగితే మంచి కాలేజీ వెంటనే చూపిస్తుంది.

ఆ అరగంట తర్వాత ఆమె బాలిని తీసేసింది. ఎవరి ప్రయాణం తనకి దగ్గరగా తెలుసు అని ఆలోచిస్తే నానీ గుర్తొచ్చింది.

నానీ రెండేళ్ల కిందట మొహల్లాలో వాళ్లతో కలిసి ఉమ్రాకి వెళ్లారు. మెడలో ప్లాస్టిక్ పౌచ్, అందులో పాస్‌పోర్ట్ జిరాక్స్, హోటల్ కార్డు, ఏజెంట్ నంబర్. బురఖా మీద గ్రూప్ గుర్తుగా ఒక రంగు రిబ్బన్. సూట్‌కేసుకి అదే రంగు రిబ్బన్. మనలో చాలామందికి ఈ దృశ్యం కొత్త కాదు. మూడో రోజు నానీ తప్పిపోయారు. సయీ మర్వా దగ్గర ముగుస్తుంది. ముగియగానే జనంతో పాటు అటువైపే బయటికొచ్చేశారు. హోటల్ ఏమో మిస్ఫలా వైపు, అంటే దాదాపు అవతలి దిక్కున. మనవడు ఫోన్‌లో "ఘడీ కింద నిలబడు నానీ" అన్నాడు. క్లాక్ టవర్ గడియారానికి నాలుగు ముఖాలు, ఎటు నుంచి చూసినా కనిపిస్తుంది. ఏ ఘడీ కింద? రెండు గంటలు పట్టింది దొరకడానికి. అల్‌హందులిల్లాహ్, దొరికారు. ఇంట్లో దీన్ని ఇప్పుడు నవ్వుకుంటూ చెప్పుకుంటారు. ఈ అమ్మాయి మాత్రం నోట్‌బుక్‌లో రాసుకుంది.

ఆమె ఈ పని మొదలుపెట్టిన కొన్ని వారాలకే 2025 నవంబర్ 17 వచ్చింది. ఆ సోమవారం మనం ఎవరం మరిచిపోలేదు. మక్కా నుంచి మదీనా వెళ్తున్న బస్సు ట్యాంకర్‌ని ఢీకొని కాలిపోయింది. 40 మందికి పైగా ఉమ్రా యాత్రికులు చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది హైదరాబాద్ వాళ్లే. బృందంలో కొందరు మక్కాలోనే ఆగారు, కొందరు కారులో వెళ్లారు. అంటే ఇక్కడ ఉన్న ఇళ్లకి ఆ ఉదయం తెలియాల్సిన మొదటి విషయం ఒక్కటే: మావాళ్లు ఆ బస్సులో ఉన్నారా, లేరా? ఏ డిజైన్ అయినా ఆ ప్రమాదాన్ని ఆపేది కాదు. ఆ మాట ఆమే మొదట అంది. కానీ ఏ బస్సులో ఎవరు ఎక్కారన్నది ఒక పేజీలో ఉండి ఉంటే, ఆ కొన్ని గంటలు మనిషి మనిషికీ ఫోన్ చేసి అడుక్కోవాల్సిన అవసరం ఉండేది కాదేమో అనిపిస్తుంది.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. హజ్ కమిటీ ద్వారా వెళ్లేవాళ్ల కోసం కేంద్ర మైనారిటీ వ్యవహారాల శాఖ 2024 మార్చిలో హజ్ సువిధ యాప్ తెచ్చింది. సౌదీ వైపు నుసుక్ ఉంది, హజ్ యాత్రికులకి నుసుక్ కార్డు కూడా ఇస్తున్నారు. ఉమ్రా అలా కాదు. మన దగ్గర అది చాలావరకు ప్రైవేటు ట్రావెల్ ఏజెంట్ల చేతిలో, వాట్సాప్ గ్రూపుల మీద నడిచే వ్యవహారం. మంచి ఏజెంట్ దొరికితే అన్నీ సాఫీగా జరుగుతాయి. దొరకకపోతే ప్లాస్టిక్ పౌచే దిక్కు.

ఆమె మొదట చేసిన డిజైన్ నిండా స్క్రీన్లే. దువాలు, మ్యాప్, వాతావరణం, నమాజ్ టైమింగ్స్, షాపింగ్ కూడా. నానీ చేతిలో పెట్టింది. నానీ ఏ బటనూ నొక్కలేదు. ఎందుకని అడిగితే, "నొక్కితే పైసలు కట్ అయితయ్" అన్నారు. సిమ్ కంపెనీల మెసేజ్‌లతో నేర్చుకున్న భయం అది, తప్పు కూడా కాదు. ఇంకోచోట ఇంటి గుర్తు ఉంది. ప్రతి యాప్‌లో హోమ్ పేజీకి ఉండేదే. తప్పిపోతే ఏది నొక్కుతారు అంటే నానీ దాన్ని చూపించి, "ఇది కాదు, ఇది టోలీచౌకీ పోతది, నాకు హోటల్ పోవాలె కదా" అన్నారు. ఏ మెషిన్‌కి ఈ సంగతి తెలుస్తుంది చెప్పండి? నేను ఆ రాత్రి ఇంటికెళ్లి మా దాదీ ఫోన్‌లో ఉన్న యాప్‌లన్నీ తెరిచి చూశాను. ప్రతి దాంట్లో ఇల్లు ఉంది.

ఇప్పుడు ఆ డిజైన్ చాలా చిన్నదైపోయింది. యాప్ ఇన్‌స్టాల్ చేసే పని లేదు. మెడలో వేసుకునే ఒక కాగితం కార్డు, దాని మీద పెద్ద అంకె, ఒక రంగు, ఒక క్యూఆర్ కోడ్. తప్పిపోయినప్పుడు నానీ ఏమీ నొక్కక్కర్లేదు, ఎదురుగా ఉన్న వాలంటీర్‌కో పోలీసుకో చూపిస్తే చాలు. వాళ్ల ఫోన్‌తో స్కాన్ చేస్తే అరబ్బీలో, ఉర్దూలో హోటల్ దారి, గ్రూప్ లీడర్ నంబర్ వస్తాయి. ఇంట్లో ఉన్నవాళ్లకి వేరే పేజీ: ఈ రోజు ఏ బస్సు, ఎవరెవరు ఎక్కారు, బయల్దేరిందా, చేరిందా. గ్రూప్ లీడర్ బస్సు ఎక్కేటప్పుడు పేర్లకి టిక్కు పెడతాడు, దిగాక ఒక బటన్ నొక్కుతాడు, అంతే.

దీన్ని కూడా ఆ సీనియర్‌కి చూపించింది. ఆయన వదల్లేదు. మొదట ఆమె యాత్రికులు ప్రతి నిమిషం ఎక్కడున్నారో కుటుంబానికి కనిపించేలా పెట్టింది. ఆ సమాచారం ఎవరి దగ్గర ఉంటుంది, ఏజెంట్ దగ్గరా? ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లు ఎక్కడున్నారో ఇంకెవరికి కనిపిస్తుంది? తిరిగొచ్చాక ఎవరు తుడిచేస్తారు? ఈ మూడు ప్రశ్నలతో లొకేషన్ తీసేసి బస్సు వరకే ఉంచింది, యాత్ర ముగిశాక లింక్ పనిచేయకుండా చేసింది. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లోనే వచ్చిన దేశంలో, పాస్‌పోర్ట్ ఫొటోలు వందమంది ఉన్న వాట్సాప్ గ్రూపులో తిరగడం మనకి ఇంకా మామూలు విషయంగానే ఉంది. ఆ ప్రశ్నలు నాకైతే ఆమె డిజైన్ కన్నా ఎక్కువ పనికొచ్చాయి.

ఇంకో గుంటూరు కుర్రాడి పని కూడా చూశాను. ఆడవాళ్ల ఉచిత బస్సు ప్రయాణం మీద చేశాడు. తెలంగాణలో మహాలక్ష్మి 2023 డిసెంబర్ 9న, ఆంధ్రలో స్త్రీ శక్తి 2025 ఆగస్టు 15న మొదలయ్యాయి. పల్లె వెలుగులో ఉచితం, ఎక్స్‌ప్రెస్‌లో ఉచితం, సూపర్ లగ్జరీలో కాదు. చదువురాని ఆవిడ దూరం నుంచి వస్తున్న బస్సుని చూసి చెయ్యెత్తాలో వద్దో ఎలా తెలుసుకోవాలి? ఈ ఒక్క ప్రశ్న చుట్టూ బస్టాండ్‌లో బోర్డు, ఫోన్‌లో గొంతుతో చెప్పే పేజీ తయారుచేశాడు. బాగుంది. కానీ బస్టాండ్‌లో పదిమంది ఆడవాళ్లని అడిగానన్నాడు గానీ వాళ్లేమన్నారో ఎక్కడా పెట్టలేదు. అది పెట్టమని నేనే చెప్పాను. డిజైన్ తెలియకపోయినా అంత మాత్రం చెప్పొచ్చని అప్పుడే నాకూ తెలిసింది.

మన పిల్లలకి ఉన్న ఒక బలం గురించి ఇక్కడ చెప్పాలి. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, చదువు ఇంగ్లీషు. మూడు లిపులు రోజూ కళ్ల ముందు ఉంటాయి. ఇంగ్లీషు కోసం గీసిన బటన్‌లో తెలుగు పెడితే కింద ఒత్తులు తెగిపోతాయి. ఉర్దూ పెడితే పేజీ మొత్తం కుడి నుంచి ఎడమకి తిరగాలి, వెనక్కి వెళ్లే బాణం గుర్తు కూడా తిరగాలి. నస్తాలీఖ్‌లో అక్షరాలు ఏటవాలుగా కిందికి దిగుతాయి కాబట్టి లైన్ల మధ్య ఖాళీ ఎక్కువ కావాలి. ఈ అమ్మాయికి ఇవన్నీ తెలుసు. కానీ పోర్ట్‌ఫోలియోలో ఒక్క తెలుగు స్క్రీన్, ఒక్క ఉర్దూ స్క్రీన్ పెట్టలేదు. "ప్రొఫెషనల్‌గా ఉండదేమో అనుకున్నా" అంది. ఇన్నేళ్లూ ఎవరి కళ్లతో మన పనిని మనం చూసుకుంటున్నామో ఆ మాటలో ఉంది.

అసలు విషయానికొస్తే, డాక్టర్ కొడుకు మెడిసిన్ చదివితే భోజనాల దగ్గరే సగం చదువు అయిపోతుంది. సాఫ్ట్‌వేర్‌లో కూడా ఇప్పుడు ప్రతి ఖాందాన్‌లో ఒక భాయ్‌జాన్ ఉన్నాడు, రెజ్యూమె చూసిపెడతాడు. డిజైన్‌లో మన ఇళ్లలో ఇది మొదటి తరం. పని చూపిస్తే ఏం బాగోలేదో చెప్పే మామూ లేడు, ఖాలా లేదు. ఉన్నవాళ్లంతా ప్రేమతో మెచ్చుకునేవాళ్లే. స్కాలర్‌షిప్‌ల గురించి, ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల గురించి మనం మాట్లాడుతున్నాం, మాట్లాడాలి కూడా. దీని గురించి మాత్రం ఎవరూ మాట్లాడటం లేదు, దీనికి డబ్బు కూడా పెద్దగా అక్కర్లేదు. నెలకొక ఆదివారం, ఏదో ఒక ఫంక్షన్ హాల్‌లో కాకపోయినా లైబ్రరీలో, పనిచేస్తున్న పదిమంది డిజైనర్లు కూర్చుని పిల్లల పని చూస్తే చాలు. హైటెక్ సిటీలో మనవాళ్లు అంతమంది ఉన్నారు. వాళ్లని పిలిచినవాళ్లే లేరు.

అడిగే పద్ధతిలోనూ తేడా ఉంది. 'నా పోర్ట్‌ఫోలియో చూసి ఫీడ్‌బ్యాక్ ఇవ్వండి' అంటే ఎవరికీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. 'ఈ కార్డు మీద అంకె పెద్దదిగా ఉండాలా, రంగు పెద్దదిగా ఉండాలా?' అని అడిగితే బిజీగా ఉన్నవాళ్లు కూడా రెండు లైన్లు రాస్తారు. ఆమె ఇలా అడగడం మొదలుపెట్టాక మూడో కాలమ్‌లో ఐదు జవాబులు పడ్డాయి. ఒకటీ ఉద్యోగం కాదు. ఒకరు అంకె అన్నారు, ముగ్గురు రంగు అన్నారు, ఒకరు రెండూ కాదు ఏజెంట్ ఫోటో పెట్టమన్నారు.

ఇంకో రకం జవాబు కూడా వచ్చింది. ఈ కాన్సెప్ట్ గురించి విన్న ఒక ట్రావెల్స్ ఆయన ఫోన్ చేసి, మొత్తం తయారుచేసి ఇవ్వమన్నారట. డబ్బు సంగతి అడిగితే, "హాజీల ఖిద్మత్ బేటీ, సవాబ్ దొరుకుతుంది" అన్నారట. ఉమ్రా ప్యాకేజీ ఆయన సవాబ్ కోసం ఫ్రీగా ఇస్తున్నారా అని నేను అడిగాను. ఆమె కాదు, వాళ్ల అమ్మీ పెద్దగా నవ్వారు. కంపెనీలూ తక్కువేం కాదు. ఇంటర్వ్యూకి ముందు 'చిన్న టాస్క్' అని వారం రోజుల పని చేయించుకుని మాయమైనవి ఆ షీట్‌లో రెండున్నాయి. ఒక పూట పని వరకు పరీక్ష అనుకోవచ్చు. వారం అయితే అది కూలి, దానికి డబ్బు అడగడం మర్యాద తప్పడం కాదు. ఈ సంగతి ఇంట్లో పెద్దవాళ్లు పిల్లలకి చెప్పాలి, ఎందుకంటే మొదటి ఉద్యోగం కోసం చూసే పిల్లలు తమంతట తాము అడగలేరు.

అబ్బా ఆమెకి వచ్చే రంజాన్ దాకా టైమ్ ఇచ్చారు. ఆ తర్వాత ఏం చేయాలో చూద్దాం అన్నారు. ఏం చూస్తారో ఆమె అడగలేదు, నేనూ అడగలేదు. కానీ వచ్చే నెల మొహల్లా నుంచి ఉమ్రాకి వెళ్తున్న గ్రూప్ కోసం పన్నెండు కార్డులు ప్రింట్ చేయించింది, ఆ డబ్బు అబ్బానే ఇచ్చారు. లామినేషన్ చేయిద్దామంటే నానీ వద్దన్నారట. ఎండలో మెరిసి అంకె కనిపించదని.